తలుపు దగ్గర ఆగిపోయిన పాట

ఇటు జరుగు తల్లీ, నా పక్కకి రా. చెవిలో పెట్టుకున్న ఆ వైర్లలో ఒకటి తీసి నా చెవిలో పెట్టు, ఏం వింటున్నావో చూద్దాం. ఆ, అనుకున్నాను. ఏడుపు పాటే. మీ అమ్మ పొద్దుటినుంచి గిన్నెల మీద చూపిస్తున్న కోపమంతా దీని గురించే. పిల్లకి ఏం తక్కువ చేశామని ఇలాంటి పాటలు వింటోందత్తయ్యా అని నన్నే నిలదీసింది. నీకేం తక్కువ లేదని నాకు తెలుసు. కడుపునిండా తింటున్నావు, పిలిచినా లేవనంత నిద్రపోతున్నావు. అయినా వింటున్నావు. ఎందుకని అడిగితే నువ్వు చెప్పలేవు, నేను చెప్పగలను. నేనేం చదువుకుని తెలుసుకోలేదు. ఒక ఎండాకాలమంతా ఉల్లిపాయలు కోసి తెలుసుకున్నాను. కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చో, చెబుతాను.

మీ నాన్న అప్పటికింకా నా కడుపున పడలేదు. మాది తాళాలు బాగుచేసే ఇల్లు. ముందుగది దుకాణం, వెనక రెండు గదులు కాపురం. దుకాణం గోడకి మేకుల మీద తాళంచెవులు గుత్తులు గుత్తులుగా వేలాడేవి, గాలి వేస్తే ఇల్లంతా గలగలమనేది. మా మామగారూ మీ తాతయ్యా చెరో స్టూలు మీద కూర్చుని ఆకురాయితో అరగదీస్తూ ఉండేవారు. మా అత్తగారు వెనకగదిలోంచే వాళ్ళిద్దరికీ, వచ్చిన బేరానికీ, దారినపోయేవాళ్ళకీ కలిపి సమాధానాలు చెప్పేది. ఆవిడ మాట మొదలుపెడితే పక్కవీధి వాళ్ళు కూడా ఊ కొట్టాల్సిందే. కాపురానికొచ్చిన కొత్తలో నేను బిక్కుబిక్కుమంటూ మూల కూర్చుంటే, "అమ్మాయ్, ఈ ఇంట్లో మూలలన్నీ పాత తాళాలతో నిండిపోయాయి, నువ్వు నడిమధ్య కూర్చోవాల్సిందే" అంది. ఆ ఒక్క మాటతో నాకు పుట్టింటి బెంగ సగం తీరిపోయింది.

చలికాలం చివర మామగారు పోయారు. రోగం రొష్టు ఏమీ లేదు, పనిచేస్తూ చేస్తూ స్టూలు మీదే ఒరిగిపోయారు. ఆ రోజు అందరం ఏడ్చాం, అత్తగారు తప్ప. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చింది, చాపలు వేసింది, వెళ్ళేవాళ్ళని సాగనంపింది. అందరూ వెళ్ళాక గోడకి ఆనుకుని కూర్చుంది. మాట ఆగిపోయింది. ఏమడిగినా ఊ, లేకపోతే ఊహూ. కంచం ఎలా పెట్టామో అలాగే తిరిగొచ్చేది. డాక్టరు చూసి, ఒంట్లో ఏ లోపమూ లేదు, మనసు తేలికపడేలా చూసుకోండి అని వెళ్ళాడు.

ఆ మాట మీ తాతయ్య పట్టుకున్నాడమ్మా. పట్టుకున్నాడంటే ఉడుంపట్టు. ఆ రోజునుంచి మా ఇంట్లో ఏడుపుకి కర్ఫ్యూ పెట్టినంత పనయింది. రేడియోలో హాస్యనాటికలు, హుషారు పాటలు తప్ప ఇంకేమీ మోగకూడదు. పక్కింటావిడ కూనిరాగం తీస్తే వెళ్ళి, కాస్త జోరుగా ఉన్నది పాడండి పిన్నిగారూ అని బతిమాలేవాడు. బేరాల దగ్గర జోకులు నేర్చుకుని అన్నం దగ్గర చెప్పేవాడు. పాపం ఆయనకి జోకు మొదలు బాగా వచ్చు, చివర గుర్తుండదు. ఒకాయన వచ్చి మా ఇంటి తాళం తెరుచుకోవడం లేదన్నాడమ్మా, తాళాలాయన వెళ్ళి చెమటలు కక్కుతూ పగలగొట్టాడమ్మా, అప్పుడు ఆయనేమన్నాడంటే... అని తల గోక్కునేవాడు. చెప్పినంతసేపూ అత్తగారి మొహంలోకి చూస్తూనే ఉండేవాడు. ఆవిడ ఊ అనేది. నవ్వాలి కాబోలని పెదాలు కొంచెం సాగదీసేది. ఆ సాగదీసిన పెదాలు చూడలేక నేను మంచినీళ్ళ వంకతో లేచిపోయేదాన్ని.

మా వదిన, అంటే మీ తాతయ్య అక్క, చూడ్డానికి వచ్చి ఒక నిర్ణయం చేసింది. వానలు పడగానే అమ్మని నా దగ్గరికి తీసుకుపోతాను, చోటు మారితే మనసు మారుతుంది అంది. మంచికే అంది, నాకు మాత్రం మింగుడుపడలేదు. తాళంచెవి పడిపోయిన చోటే కదా వెతుక్కోవాలి, ఇంకో ఊళ్ళో వెతికితే దొరుకుతుందా? పైగా ఆవిడ వెళ్ళిపోతే నేను నడిమధ్య కూర్చున్నా ఒకటే, మూల కూర్చున్నా ఒకటే. వానలు పడేలోపు ఆవిడ నోట మాట రావాలి. అదే నా ఆరాటం. దారి మాత్రం తెలియదు.

ఎండలు ముదరగానే ఊరి చివర ఉల్లి షెడ్డు తెరిచారు. ఏటా ఎండాకాలం అక్కడ ఉల్లిపాయలు చక్రాలుగా కోసి, ఎండబెట్టి, బస్తాలకెత్తి పంపుతారు. మామగారు పోయాక దుకాణంలో ఒక చెయ్యి తగ్గింది కాబట్టి నేను పనికి వెళ్తానన్నాను. మరి అమ్మ సంగతో, అన్నాడు మీ తాతయ్య. నాతోపాటే తీసుకెళ్తానన్నాను. ఆయన చేతిలో ఆకురాయి పక్కన పెట్టి, సరేగానీ అక్కడ పాటలు పెడతారట, ఏడుపు పాటలు మాత్రం పెట్టవద్దని చెప్పు అన్నాడు. చెబుతానని తలూపాను.

షెడ్డంటే పైన రేకులు, కింద పొడుగాటి బల్లలు, వాటికి అటూ ఇటూ ఆడవాళ్ళం. ఒక కొసన పొట్టు వలిచేవాళ్ళు, మధ్యలో కోసేవాళ్ళు, వాళ్ళలోనే నేనూ అత్తగారూ, ఆ కొసన చట్రాలకి బిగించిన వలమీద పరిచేవాళ్ళు. అసలు పనితనమంతా కోతలోనే. చక్రాలన్నీ ఒకే మందంలో పడాలి. మందంగా పడితే లోపల పచ్చిగా ఉండి బూజు పడుతుంది, పల్చగా పడితే మాడి చేదెక్కుతుంది. ఇక కళ్ళంటావా, లోపల అడుగుపెడితే చాలు, ధారలే. అందరూ ఏడుస్తూనే నవ్వుకుంటారు, ఏడుస్తూనే పోట్లాడుకుంటారు. మొదటిరోజు ఆ దృశ్యం చూసి నాకు నవ్వాగలేదు, ఆ వెంటనే కన్నీళ్ళూ ఆగలేదు.

అక్కడ ఇద్దరే పెద్ద తలకాయలు. ఒకరు మేస్త్రీ. ప్రతి మాటకీ ముందు తొందరగా అంటాడు కాబట్టి ఆయన పేరు తొందర మేస్త్రీ. తొందరగా కూర్చోండి, తొందరగా లేవండి, తొందరగా నిదానించండి అని కూడా అనగలడు. రెండోవారు సైరనక్క. ఆవిడ గొంతు విని జనం గడియారాలు సరిచేసుకుంటారని ఆ పేరు. షెడ్డులో మేకుకి తగిలించిన టేపురికార్డరు ఆవిడదే. నేను వెళ్ళి మా ఇంటి సంగతంతా ఆవిడ చెవిలో వేసి, ఏడుపు పాటలు వద్దక్కా అని అడిగాను. ఆవిడ అత్తగారి వంక చూసి, అలాగే చెల్లీ, పెద్దావిడ కోసం ఆమాత్రం చెయ్యలేమా అంది.

అలా హుషారు పాటలు మొదలయ్యాయి. డప్పులు, ఈలలు, కేకలు. పాట పరిగెడితే చెయ్యీ పరిగెడుతుంది. ఒక చక్రం అప్పడంలా, ఇంకోటి చెక్కపేడులా. ఒకామె వేలు కోసుకుంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు నీ మోచెయ్యి తగిలిందంటే నీ మోచెయ్యి తగిలిందని సాయంత్రం దాకా మాటలు మానేశారు. మేస్త్రీ చట్రాలు చూసి తల పట్టుకున్నాడు. "తొందరగా చెప్పండి, ఇవి ఉల్లిచక్రాలా, రోడ్డు మీద కంకరా?" అన్నాడు.

రెండు మూడు రోజులు ఓర్చుకుని సైరనక్క నా దగ్గరికొచ్చింది. "చెల్లీ, నీ మాట తీసేస్తున్నానని అనుకోకు. చేతులు సాగడం లేదు. మా పాట మాకు కావాలి" అంది.

వాళ్ళ పాట అంటే ఒకటే పాట. ఆవిడ తమ్ముడెవరో రేడియోలోంచి పట్టిన టేపు. ఒక ఆడగొంతు, వెనక ఒకే ఒక్క తీగవాయిద్యం. నాకు అడ్డుపడే ధైర్యం లేకపోయింది. సైరనక్క మీట నొక్కింది.

వాకిలి తలుపు తీసే ఉంచాను
గాలి వచ్చి పోయింది, నువ్వు రాలేదు

బల్ల పొడుగునా కత్తులు ఒక్కసారిగా నెమ్మదించాయి. తలుపు అన్నచోట ఒక కోత, గాలి అన్నచోట ఒక కోత. నీళ్ళు తోడినట్టు ఒకే ఊపు. నేను కోయడం మానేసి అత్తగారి వంకే చూస్తున్నాను. ఆవిడ కత్తి అప్పటిదాకా గుర్రుపెట్టి నిద్రపోతున్నట్టుండేది. అది కూడా ఆ ఊపులో కలిసింది.

వెన్నెల వచ్చి గుమ్మంలో కూర్చుంది
వాన వచ్చి మెట్లు కడిగింది
ఇక ఈ తలుపు నేను...

టక్. అంతే. టేపు అక్కడితో అయిపోయింది. ఆ తమ్ముడు పట్టినంతే పాట.

షెడ్డంతా ఒకేసారి ఉసూరుమంది. రోజూ అక్కడే ఆగుతుందట, రోజూ అక్కడే ఉసూరుమంటారట. తర్వాత ఏమై ఉంటుందని వెంటనే తగువు మొదలు. ఇక ఈ తలుపు నేను మూసేస్తాను అని ఉంటుందని సగం మంది. ఎంతకాలం ఎదురుచూస్తుంది, మూసెయ్యదూ అని. కొత్తగా పెళ్ళయిన పిల్ల మాత్రం, ఇక ఈ తలుపు నేను దాటి వెతుక్కుంటూ వస్తాను అని ఉంటుందంది. సైరనక్క తేల్చేసింది, "విరగ్గొట్టి పొయ్యిలో పెడతాను అని ఉంటుంది. నేనైతే అదే చేస్తాను." అందరం కళ్ళు తుడుచుకుంటూ విరగబడి నవ్వాం.

అత్తగారు నవ్వలేదు, ఏడవలేదు. ఉల్లిఘాటుకి కళ్ళు ఎర్రబడ్డాయిగానీ ఒక్క చుక్క రాలలేదు. కానీ టేపురికార్డరు వంక చూసింది. మామగారు పోయాక ఆవిడ ఒక వస్తువు వంక కావాలని చూడటం అదే మొదలు. ఆ సాయంత్రం అన్నంలో రెండోసారి పులుసు వేయించుకుంది. మీ తాతయ్య పొంగిపోయి, చూశావా, నిన్న చెప్పిన జోకు పనిచేసింది అన్నాడు. ఔనండీ, మంచి జోకండీ అన్నాను.

అప్పటినుంచి నాది రెండు పడవల ప్రయాణం. ఇంట్లో డప్పులు, షెడ్డులో తలుపు పాట. షెడ్డులో రోజు రోజుకీ అత్తగారి చక్రాలు అచ్చుపోసినట్టు పడేవి. ఇంట్లో కంచం ఖాళీ అయ్యేది. మాట మాత్రం రాలేదు. ఒకరోజు నేను సైరనక్కని అడిగాను, ఇంత ఏడుపు పాట మీకింత ఇష్టమేంటక్కా అని. ఆవిడ కన్నీళ్ళు ముంజేత్తో తుడుచుకుని, "ఇంట్లో ఏడిస్తే ఎందుకేడుస్తున్నావని పదిమంది అడుగుతారు. ఇక్కడ ఎవరడుగుతారు? అడిగినా ఉల్లిపాయని చూపిస్తాను" అంది. అది ఏ కష్టం గురించి అందో నేనూ అడగలేదు. కొత్తపెళ్ళికూతురేమో, నాకే కష్టమూ లేదక్కా, అయినా ఆ పాట వింటుంటే ఎవరో తల నిమురుతున్నట్టుంటుంది అంది.

మేస్త్రీ సంగతి విను. ఆయన ఆ పాటని తిట్టని రోజు లేదు. దరిద్రపు పాట, షెడ్డుకి శని అనేవాడు. కానీ పాట మొదలైతే చాలు, ఏదో ఒక వంకతో గుమ్మం దగ్గరికొచ్చి బస్తాలు తడుముతూ నిలబడేవాడు. ఒకరోజు కళ్ళు తుడుచుకుంటూ దొరికిపోయాడు. ఏంటి మేస్త్రీ అని సైరనక్క అడిగితే, ఉల్లిఘాటు అన్నాడు. ఆయన నిలబడ్డది బయట. ఆ బస్తాల్లో ఉన్నది ఉప్పు.

ఆ ఏడు మబ్బులు ముందే పట్టాయి. ఇంకా కోత సగం మిగిలుండగానే ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి, ఆరుబయట చట్రాలన్నీ హడావిడిగా లోపలికి మోశాం. వానలంటే వదిన. అనుకున్నట్టే మర్నాడు, పాట మొదలైన కాసేపటికి, షెడ్డు గుమ్మంలో వదిన నిలబడి ఉంది. పక్కన మీ తాతయ్య. అమ్మని చూస్తానంటే నేరుగా ఇక్కడికే తీసుకొచ్చాడట.

నేను సైరనక్కకి సైగ చేసేలోపే ఆయన చెవిన పాట పడింది. తన తల్లి నడిమధ్య కూర్చుని ఉంది, చుట్టూ అందరూ బుగ్గలు తడిసి ఉన్నారు, పైన ఆ ఏడుపు పాట. ఆయన మొహం పాలిపోయింది. గబగబా వచ్చి, వెన్నెల గుమ్మంలో కూర్చుని వాన మెట్లు కడుగుతుండగా మీట నొక్కేశాడు.

కత్తులన్నీ ఆగాయి. రేకుల మీద ఎక్కడో ఒక చినుకు పడిన చప్పుడు.

ఒక్క కత్తి మాత్రం ఆగలేదు. అదే ఊపులో చెక్క మీద పడుతోంది. దాని వెంట ఒక గొంతు, తుప్పు పట్టిన తాళం తిరిగినట్టు.

ఇక ఈ తలుపు నేను మూయనులే
గాలికీ నాకూ మాటలు కలిశాయి

అత్తగారు తల ఎత్తలేదు. ఉల్లిపాయ చివరిదాకా కోసి, ముక్కలు పక్కకి తోసి, ఇంకోటి అందుకుంది. అందుకుని మీ తాతయ్య వంక చూసింది.

"ఆపావేంరా?"

"నీకు బాధ కలుగుతుందనమ్మా" అన్నాడు ఆయన.

"బాధ నా దగ్గర ఉండనే ఉంది కదరా. పాటలోంచి కొత్తగా రావాలా?" అంది. మాట్లాడటం అలవాటు తప్పిన గొంతు, ఆగి ఆగి వస్తోంది. "మీ హుషారు పాటలు నవ్వు నవ్వు అని నా వెంటపడతాయి. నువ్వూ అంతే. జోకు చెప్పి నవ్విందా లేదా అని నా మొహంలోకి చూస్తావు. ఈ పాట నా మొహంలోకి చూడదు. దాని గోడు అది చెప్పుకుంటుంది. నేను పక్కన కూర్చుని నా ఉల్లిపాయ కోసుకుంటాను."

అంటుండగానే ఆవిడ ఎర్రటి కళ్ళలోంచి ఒక చుక్క జారింది. దాని వెనక ఇంకోటి. తుడుచుకోలేదు. వదిన వెళ్ళి పక్కన కూర్చుని భుజం మీద తల పెట్టింది. సైరనక్క ముక్కు చీదింది, ఆ చప్పుడుకి చట్రాలు అదిరాయి.

కాసేపటికి కొత్తపెళ్ళికూతురు మెల్లగా అడిగింది, ఇన్నాళ్ళూ పాట చివర మీకు తెలుసా పెద్దమ్మా అని.

"తెలియకేం. ఆయన రోజూ ఇంట్లో ఎవరూ లేవకముందే గడ్డం గీసుకుంటూ, నాకు మాత్రం వినపడేలా పాడేవారు. ఒక్కనాడు శ్రుతిలో పాడి ఎరగరు. తాళాలు బాగుచేసే మనిషి తలుపు తీసి ఉంచే పాట పాడితే బేరాలేం వస్తాయండీ అని నేను మొత్తుకునేదాన్ని."

"మరి మాకు చెప్పలేదేంటి?"

"మీ తగువు రుచిగా ఉంది, చెడగొట్టడమెందుకని" అంది అత్తగారు.

షెడ్డు ఘొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది నేనే, నవ్వుతూ నవ్వుతూ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది కూడా నేనే. మా అత్తగారు వచ్చేసింది తల్లీ, ఎక్కడికి వెళ్ళిందో అక్కణ్ణించి. మీ తాతయ్య ఇంకా మేకు దగ్గరే బొమ్మలా నిలబడి ఉంటే, ఏదిరా, ఆ తాళం పగలగొట్టినాయన జోకు సగంలో వదిలేశావు, చివరేమైంది అని అడిగింది. ఆయన తల గోక్కున్నాడు. "ఇంతకీ ఇది మా ఇల్లు కాదండీ అన్నాడు, అంతేగా" అంది ఆవిడ. "మీ నాన్న జోకురా అది. ఆయనకీ చివర గుర్తుండేది కాదు."

అప్పుడు నవ్వాడమ్మా మీ తాతయ్య. కళ్ళ వెంట ధారలు కారుతుండగా నవ్వాడు. ఏంటి నాయనా అని మేస్త్రీ పలకరిస్తే ఉల్లిఘాటు అన్నాడు. మేస్త్రీ ఆయన భుజం తట్టి, "తొందరగా అలవాటవుతుందిలే" అన్నాడు.

వదిన తల్లిని తీసుకెళ్ళలేదు. తనే ఉండిపోయి, కోత అయ్యేదాకా మాతో షెడ్డుకొచ్చింది. మొదట్లో బండిచక్రాలంత మందంగా కోసేది. నీ కూతురు భలే పనిమంతురాలమ్మా అని సైరనక్క దెప్పితే, దానికి పాట ఎక్కలేదింకా, ఎక్కాక చూడు అనేది అత్తగారు. ఆ తర్వాత టేపు తలుపు దగ్గర టక్కున ఆగగానే షెడ్డంతా అత్తగారి వైపు తిరిగేది. ఆవిడ కాస్త బెట్టు చేసి, గొంతు సవరించుకుని, చివర పాడేది. మూయనులే అన్నచోట అందరం కలిసేవాళ్ళం. కుండపోతగా వాన పడుతున్నా రేకుల చప్పుడుని మించి వినపడేది. బయట తడుస్తూ మేస్త్రీ కూడా అందుకునేవాడు, ఒక మాట వెనకబడి. తొందర మేస్త్రీ జన్మలో ఆలస్యం చేసింది అదొక్కటే.

వదిన వెళ్ళేరోజున, చోటు మార్చక్కర్లేకపోయింది మరదలా అంది నాతో. మా ఇంట్లో రేడియోకి కర్ఫ్యూ ఎత్తేశారు. అత్తగారు మామగారి స్టూలు మీద కూర్చుని తాళంచెవులు తుడుస్తూ పాడుకుంటుంటే, పని అయిపోయిన బేరాలు కూడా కదిలేవి కావు. పాడుతూ పాడుతూ ఒక్కోసారి కళ్ళొత్తుకునేది. అప్పుడు మేమెవరం మొహంలోకి చూసేవాళ్ళం కాదు. ఎవరి పని వాళ్ళం చేసుకుంటూ పక్కన ఉండేవాళ్ళం. అది మేం ఆ పాట దగ్గరే నేర్చుకున్నాం.

అంచేత మీ అమ్మకి నేను చెబుతాను, పిల్లని వదిలెయ్, దానికేం తక్కువ కాలేదు, కాసేపు ఎవరి గోడో పక్కన కూర్చుంటోంది అని. కూర్చోవడం వచ్చిన పిల్ల రేపు మనిషి పక్కన కూడా కూర్చోగలదు.

ఆ టేపు ఎప్పుడో అరిగిపోయింది. సైరనక్కా లేదు, షెడ్డూ లేదు. పాట మొత్తం మిగిలింది నా ఒక్క నోట్లోనే. రా, నా వెనకే అందుకో, నేర్పేస్తాను. రేపు నీ పక్కన ఎవరైనా పిల్ల ఇలా చెవిలో వైర్లు పెట్టుకుని కూర్చుంటే ఈ కథ చెప్పు, పాట కూడా పాడు. శ్రుతి కుదరకపోయినా పరవాలేదు, మన ఇంట్లో ఎవరికీ కుదరలేదు. కానీ తలుపు దగ్గర మాత్రం ఆపెయ్యకు తల్లీ.